మూడో గడియారం ముల్లు

"తూనీగా! వస్తున్నావా, నిన్ను వదిలేసి ఆట మొదలుపెట్టేయమంటావా?"

గేటు అవతల నుంచి వచ్చింది ఆ కేక. వేసింది ఎదురింటి కవలల్లో పెద్దది. పెద్దదంటే మరీ పెద్దదేం కాదు, రెండోదానికన్నా మూడు నిమిషాలు ముందు పుట్టింది. ఆ మూడు నిమిషాల పెద్దరికంతోనే వీధి పిల్లలందరి మీదా పెత్తనం చేస్తుంది.

తూనీగ మసీదు వరండాలో స్టూలు మీద నిలబడి ఉంది. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, ఇంకో చేతిలో చిటికెన వేలి గోరంత స్క్రూ. ఎదురుగా గోడకు ఆకుపచ్చ రంగు చెక్క బోర్డు.

"ఒక్క నిమిషం!" అని అరిచింది. వెంటనే తను ఎక్కడున్నదో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. లోపల ఇద్దరు ముసలివాళ్ళు ఇంకా జపమాల తిప్పుకుంటూ కూర్చున్నారు.

తూనీగకు అసలు పేరు ఒకటుంది. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప అది ఎవరికీ పనికిరాదు. పదేళ్ళొచ్చినా ఒక చోట నాలుగు నిమిషాలు కుదురుగా ఉండదు. అన్నం తింటూ రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసొస్తుంది. అందుకే తాత ఆ పేరు పెట్టాడు. అదే స్థిరపడిపోయింది.

బోర్డు మీద ఆరు గడియారాలున్నాయి. నిజం గడియారాలు కావు. లోపల మెషిన్ లేదు, బ్యాటరీ లేదు. ముళ్ళు మనం ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి. రోజుకు ఐదు నమాజులు. అందరూ కలిసి ఏ నమాజుకు ఎన్నింటికి నిలబడాలో ఐదు గడియారాలు చూపిస్తాయి. ఆరోది శుక్రవారం మధ్యాహ్నం జరిగే పెద్ద నమాజుది. వరసలో మూడోది అసర్ గడియారం. అసర్ అంటే సాయంత్రం చేసే నమాజు.

ఆ వీధిలో వాళ్ళ రోజంతా ఈ ముళ్ళ చుట్టూనే తిరుగుతుంది. "ఐదింటికి రా" అని ఎవరూ అనరు. "అసర్ అయ్యాక రా" అంటారు. క్షౌరం చేసే ఆయన నమాజు వేళ కాగానే షాపు గుమ్మానికి అడ్డంగా కుర్చీ పెట్టి వస్తాడు. కుర్చీ ఉందంటే పది నిమిషాల్లో వస్తాడని అర్థం. ప్లంబరైతే ఎప్పుడడిగినా మధ్యాహ్నం నమాజు పేరు చెప్పి "జుహర్ అయ్యాక వస్తా" అంటాడు. ఏ రోజు జుహరో మాత్రం చెప్పడు.

పొద్దు పెరిగినా తరిగినా నమాజు టైములు మారతాయి. ఇమాం గారు కొత్త టైము చెబుతారు. తాత ముల్లు తిప్పుతాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ మసీదును చూసుకునేది తాతే. తెల్లవారకముందే తాళం తీస్తాడు. చాపలు దులుపుతాడు. కాళ్ళూ చేతులూ కడుక్కునే కుళాయిలు కారకుండా చూస్తాడు.

కానీ ఆర్నెల్లుగా ముల్లు తిప్పేది తాత కాదు, తూనీగ. ఈ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. తాత వేళ్ళు వణుకుతున్నాయి. చీపురు పట్టుకోగలడు, తాళం తీయగలడు. ఆ బుల్లి స్క్రూ మాత్రం ఆయన వేళ్ళ మధ్య నిలవదు.

"మరి ఎవరికీ చెప్పకేం?" అన్నాడు తాత మొదటిరోజు.

"చెప్పను," అంది తూనీగ. ఇంత పెద్ద పని తనకు అప్పగించినందుకు ఆ రోజు ఇంటికి గెంతుకుంటూ వెళ్ళింది.

ఈ రోజు మార్చాల్సింది ఒక్క అసర్ టైమే. రేపటి నుంచి ఐదింటికి కాదు, ఐదుంపావుకు. తూనీగ పెద్ద ముల్లును పన్నెండు మీద నుంచి మూడు మీదికి తిప్పింది. చిన్న ముల్లును ఐదు దాటించి కాస్త ముందుకు జరిపింది. మధ్యలో స్క్రూ పెట్టి వేళ్ళతో ఒక చుట్టు తిప్పింది. తాత నేర్పిన ప్రకారం ఆ తర్వాత స్క్రూడ్రైవర్‌తో నాలుగు చుట్లు బిగించాలి.

"ఒకటీ... రెండూ..." అని బయట కవలల్లో పెద్దది అంకెలు మొదలుపెట్టింది. మూడు అంటే ఆట మొదలైపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళే దొంగ.

తూనీగ బోర్డు వైపు చూసింది. ముల్లు చక్కగా మూడు మీదే ఉంది. కదలడం లేదు. ఇంకేం కావాలి? తర్వాత వచ్చి బిగించొచ్చు. స్టూలు మీద నుంచి ఒక్క దూకు దూకి, స్క్రూడ్రైవర్‌ను కిటికీలో పడేసి పరుగెత్తింది.

ఆ ఆట చీకటి పడేదాకా సాగింది. స్క్రూ సంగతి ఆ పిల్ల బుర్రలో ఏ మూలనా మిగల్లేదు.

*

మర్నాడు సాయంత్రం అమ్మ టీ ఫ్లాస్కు చేతికిచ్చింది. అసర్ నమాజు కాగానే తాతకు టీ పడాలి. పడకపోతే తలనొప్పి వస్తుందని ఆయనే చెబుతాడు. టీ కోసమే తలనొప్పి వస్తుందని అమ్మ అంటుంది.

తూనీగ మసీదు చేరేసరికి ఐదూ ఇరవై ఐదు. జనం బయటికి వస్తున్నారు. చెప్పుల అర దగ్గర రోజూలాగే గలాభాగా ఉంది. ఒకాయన రెండు కాళ్ళకూ ఎడమ చెప్పులే తొడుక్కుని, తేడా ఎక్కడుందో తెలియక చూసుకుంటున్నాడు.

అప్పుడు గేటులోంచి బస్సు మావయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖాకీ చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఆయన ఊళ్ళో బస్సు నడుపుతాడు. మిగతా నమాజులన్నీ దారిలో ఎక్కడ వీలైతే అక్కడ ఒక్కడే చేసుకుంటాడు. డిపో మూలన, పెట్రోలు బంకు వెనకాల, ఒక్కోసారి ఆగిన బస్సు నీడలో గుడ్డ పరుచుకుని. అసర్ ఒక్కటే ఆయన నలుగురితో కలిసి చేసేది.

కుళాయి దగ్గర గబగబా చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కున్నాడు. తిరిగి చూస్తే ఎదురుగా బయటికి వస్తున్న జనం. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది కదా," అన్నారు ఇమాం గారు. "ఐదుంపావుకే మొదలుపెట్టాం. మొన్న శుక్రవారం చెప్పాను."

"శుక్రవారం నేను డ్యూటీలో ఉన్నానండి. పొద్దున బస్సు ఎదురుగా స్టాపులో ఆగినప్పుడు గేటులోంచి బోర్డు చూశాను. ఐదున్నర అని ఉంది. అది చూసే ఇంకో డ్రైవర్‌ను బతిమాలి ట్రిప్పు మార్చుకున్నాను."

అందరి తలలూ బోర్డు వైపు తిరిగాయి. తూనీగ తల కూడా తిరిగింది.

మూడో గడియారంలో పెద్ద ముల్లు నిలువుగా కిందికి వేలాడుతోంది. సరిగ్గా ఆరు మీద.

బిగించని స్క్రూ, కిటికీలో పడేసిన స్క్రూడ్రైవర్ అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చేతిలో ఫ్లాస్కు జారబోతే రెండు చేతులతో పట్టుకుంది.

మసీదు కమిటీ పెద్ద ముందుకొచ్చాడు. ఎండా వానా లేకపోయినా ఆయన చేతిలో ఎప్పుడూ గొడుగు ఉంటుంది. ఏది చూపించాలన్నా దానితోనే చూపిస్తాడు. అందుకే పిల్లలు చాటుగా గొడుగాయన అంటారు. ఇప్పుడు ఆ గొడుగు మూడో గడియారం వైపు లేచింది.

"పెద్దాయనా, ఏమిటిది? ఐదుంపావంటే ఐదున్నర పెట్టావా?"

తాత బోర్డు వైపు చూశాడు. తర్వాత తూనీగ వైపు చూశాడు. ఒక్క క్షణమే చూశాడు.

"పొరపాటు నాదే," అన్నాడు. "సరిచేస్తాను."

"నిన్ను తప్పుపట్టడం లేదు. వయసు మీద పడింది. కళ్ళు ఆనడం లేదేమో," అన్నాడు గొడుగాయన. ఆ మాట కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. తాతకు కోపమే నయమనిపించి ఉంటుంది. ఆయన ముఖం చిన్నబోయింది. "ఈ చెక్క బోర్డు తీసేద్దాం. కరెంటు బోర్డులు వచ్చాయి. టైము దానంతటదే మారుతుంది. నువ్వూ కాస్త విశ్రాంతి తీసుకోవచ్చు. తాళాలు కూడా ఎవరైనా వయసులో ఉన్నవాళ్ళకు ఇద్దాం. రేపు మాట్లాడదాం."

జనం వెళ్ళిపోయారు. బస్సు మావయ్య లోపలికి వెళ్ళి ఒక మూల ఒక్కడే నిలబడ్డాడు.

చెప్పుల అర ఖాళీ అయిపోయింది. పై వరసలో ఒక్క జతే మిగిలింది. నల్ల బూట్లు. కుడి బూటు అడుగు బాగా అరిగిపోయి ఉంది. రోజంతా పెడలు తొక్కే కాలు మరి. తూనీగ ఆ బూట్ల వంక చూస్తూ నిలబడిపోయింది. ఆ రోజు ఆమె ఒక చోట నాలుగు నిమిషాలకన్నా ఎక్కువే నిలబడింది.

బస్సు మావయ్య బయటికి వచ్చి బూట్లు తొడుక్కున్నాడు. తూనీగను చూసి నవ్వబోయాడు, సరిగ్గా రాలేదు.

"కోపం వచ్చిందా మావయ్యా?" అంది తూనీగ.

"కోపమేముంది? నమాజు అయితే అయింది, ఒక్కడినే చేసుకున్నాను. కాకపోతే పొద్దుటి నుంచీ స్టీరింగ్ ముందు ఒక్కడినే కూర్చుంటాను కదా. ఈ పది నిమిషాలూ అటొకరు ఇటొకరు భుజానికి భుజం తగిలేలా నిలబడతారు. అదొక బలం నాకు," అని చేతి గడియారం చూసుకుని బస్సు వైపు పరుగెత్తాడు.

*

ఇంట్లో తాత టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. ఈ మధ్య అలాగే తాగుతున్నాడు. తూనీగ ఎదురుగా కూర్చుంది. ఒక్కసారి కూడా కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అని అమ్మ నుదురు మీద చెయ్యి వేసి చూసి లోపలికి వెళ్ళింది.

"తాతా," అంది తూనీగ చిన్నగా. "నేను స్క్రూ బిగించలేదు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"స్టూలెక్కి చూశాను. వేలితో ముట్టుకుంటే ముల్లు ఊయలూగింది."

"మరి పొరపాటు నీదని ఎందుకన్నావు?"

"బోర్డు నా బాధ్యత. నీ చేతికిచ్చింది నేను. ఇచ్చాక ఒకసారి చూసుకోవాల్సింది కూడా నేనే. చూసుకోలేదు."

తూనీగకు ఏడుపు వచ్చింది. తాత తిట్టి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

"రేపు వాళ్ళు తాళాలు తీసేసుకుంటారా?"

తాత కప్పు కింద పెట్టాడు. పెడుతుంటే అది సాసరుకు తగిలి టకటకమంది.

"తీసుకుంటే తీసుకుంటారు," అన్నాడు. "తెల్లవారుజామున తలుపు తీసినప్పుడు లోపల ఎవరూ ఉండరు. చల్లగా ఉంటుంది. దీపాలు వేసి ఒక్కొక్క చాపా సరిచేసేసరికి ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అది చూడటం నాకు అలవాటైపోయింది. అదొక్కటే."

"నేను వెళ్ళి నిజం చెప్తే?"

"చెప్పొచ్చు."

"అప్పుడు నువ్వెందుకు తిప్పలేదని అడుగుతారు. నీ చేతుల సంగతి తెలిసిపోతుంది."

"అడుగుతారు," అన్నాడు తాత. అంతకుమించి చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. 

ఆ రాత్రి తూనీగ పక్క మీద పడుకుని అదే ఆలోచించింది. చెబితే తాత రహస్యం బయటపడుతుంది. చెప్పకపోతే తన తప్పు తాత మీద ఉండిపోతుంది. ఎటు తిరిగినా గోడే తగిలింది.

*

మర్నాడు అసర్ అయ్యేసరికి తూనీగ వరండాలో సిద్ధంగా ఉంది. ఫ్లాస్కు పక్కన పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. గొడుగాయన చంకలో రంగురంగుల కాగితం ఒకటి ఉంది. దాని మీద కరెంటు బోర్డు బొమ్మ, ఎర్రటి అంకెలు. ఇమాం గారు, తాత, బస్సు మావయ్య ఆయన చుట్టూ చేరారు. ఈ రోజు బస్సు మావయ్య పాత ట్రిప్పుకే వెళ్ళి సరైన టైముకు వచ్చాడు.

"చూడండి, ఇది గనక పెడితే..." అని గొడుగాయన మొదలుపెట్టాడు.

"ముల్లు తిప్పింది తాత కాదు!"

అందరూ వెనక్కి తిరిగారు. తూనీగ గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"నేనే తిప్పాను. ఐదుంపావుకే పెట్టాను. కానీ స్క్రూ బిగించలేదు. బయట ఆట మొదలవుతోందని పరుగెత్తాను. ముల్లు దాని బరువుకు అదే జారిపోయింది. తాత కళ్ళు బాగానే ఉన్నాయి."

గొడుగాయన గొడుగు సగం లేచి అక్కడే ఆగింది.

"నువ్వా? బోర్డు పని నీకెందుకమ్మా? మీ తాత ఏం చేస్తున్నాడు?"

తూనీగ తన తప్పు తను చెప్పేసింది. ఇక్కడి నుంచి చెప్పాల్సిన మాట తనది కాదు. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. తాత వైపు చూసింది.

తాత రెండు చేతులూ ముందుకు చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"ఇందుకు," అన్నాడు. "ఆర్నెల్లయింది. చిన్న స్క్రూ పట్టు దొరకడం లేదు. చెబితే తాళాలు తీసేసుకుంటారని భయపడ్డాను. పసిదాని నోరు కూడా కట్టేశాను. అది నేను చేసిన తప్పు."

కుళాయి దగ్గర ఎవరో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది.

"తాళాలు తీసుకుని మేమేం చేసుకుంటాం?" అన్నారు ఇమాం గారు. "తెల్లవారుజామున నాలుగింటికి లేచి తలుపు తీసేదెవరు?" అని గొడుగాయన వైపు చూశారు.

"నా వైపు చూడకండి. నేను లేవలేను. ముందే చెబుతున్నా," అన్నాడు గొడుగాయన కంగారుగా.

బస్సు మావయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు తాత ముఖం కూడా కాస్త విప్పారింది. గొడుగాయన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"సరే, ఈ బోర్డే ఉండనీ. అయితే ఒకరు తిప్పితే ఇంకొకరు చూడాలి," అన్నాడు. తర్వాత తాత చేతుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ చేతులు ముందు డాక్టరుకు చూపించు. రేపు నేనే తీసుకెళతా."

బస్సు మావయ్య బూట్లు తొడుక్కోవడానికి వచ్చినప్పుడు తూనీగ ఆయన ఎదుట నిలబడింది.

"నిన్న నా వల్లే నువ్వు ఒక్కడివే నిలబడాల్సి వచ్చింది మావయ్యా," అంది తల దించుకుని.

బస్సు మావయ్య ఒక బూటు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకున్నాడు.

"నేను బస్సు ఆపి హ్యాండ్‌బ్రేకు వేశాక ఏం చేస్తానో తెలుసా? వెంటనే దిగను. మెల్లగా పెడలు మీద నుంచి కాలు తీస్తాను. బండి కదులుతుందేమో చూస్తాను. కదల్లేదని తేలాకే దిగుతాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. బ్రేకు బాగానే ఉంటుంది. అయినా చూస్తాను," అని రెండో బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

*

రెండు వారాల తర్వాత అసర్ టైము మళ్ళీ మారింది. ఈసారి ఐదూ ఇరవై.

తూనీగ స్టూలెక్కింది. పెద్ద ముల్లును మూడు మీద నుంచి నాలుగు మీదికి తిప్పింది. చిన్న ముల్లు జరిపింది. స్క్రూ పెట్టి స్క్రూడ్రైవర్‌తో బిగించింది. ఒక చుట్టు, రెండు, మూడు, నాలుగు.

"తూనీగా! మేం మొదలుపెట్టేస్తున్నాం! ఒకటీ..."

తూనీగ మెల్లగా ముల్లు మీద నుంచి వేలు తీసింది. ముల్లు కదల్లేదు. బోర్డు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. కదల్లేదు.

"రెండూ..."

"మొదలుపెట్టేయండి! ఈసారి దొంగ నేనే!" అని అరిచింది. ఈసారి మసీదులో ఉన్నానని గుర్తున్నా అరిచింది. స్టూలు మీదే నిలబడి మనసులో వంద లెక్కపెట్టింది. అరవై దగ్గర కాళ్ళు పీకాయి. ఎనభై దగ్గర ముక్కు దురద పెట్టింది. వంద అయ్యాక కూడా ముల్లు నాలుగు మీదే ఉంది.

"తాతా, నువ్వు చూడు," అని స్టూలు దిగింది. తాత కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తల ఊపాడు. అప్పుడు గానీ తూనీగ గేటు దాటలేదు.

మర్నాడు పొద్దున స్కూలుకు వెళ్ళేముందు రోడ్డు దాటి బస్సు స్టాపులో నిలబడింది. అక్కడి నుంచి చూస్తే గేటులోంచి బోర్డు ఎలా కనిపిస్తుందో చూసుకోవాలనిపించింది. బాగానే కనిపిస్తోంది. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. బస్సు మావయ్య కిటికీలోంచి తల బయటపెట్టి మసీదు వైపు చూశాడు. ఆ తర్వాత కింద నిలబడ్డ తూనీగను చూశాడు.

"ఐదూ ఇరవయ్యేనా?"

"ఐదూ ఇరవయ్యే. బిగించాను. వంద దాకా ఉండి చూశాను."

బస్సు కదిలాక హారన్ రెండుసార్లు మోగింది. అక్కడ అడ్డం వచ్చినవాళ్ళెవరూ లేరు.

సాయంత్రం తూనీగ టీ ఫ్లాస్కుతో మసీదుకు వచ్చేసరికి లోపల నమాజు జరుగుతోంది. వరండాలో ఎవరూ లేరు. మూడో గడియారం ముల్లు నాలుగు మీద ఉంది. చెప్పుల అర దగ్గరికి వెళ్ళి చూసింది. అర నిండిపోయి ఉంది. ప్లంబరు చెప్పులకూ క్షౌరం చేసే ఆయన చెప్పులకూ మధ్య, ఇరుకులో, కుడి అడుగు అరిగిన నల్ల బూట్లు ఉన్నాయి.

తూనీగ ఫ్లాస్కు కింద పెట్టి, తాత వచ్చేదాకా అక్కడే కూర్చుంది.